కేకమ్మ కింది పెదవి

మార్చి 3, సోమవారం

నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. నాకు అక్షరం ముక్క రాదు. అది ఏడో తరగతి దాకా చదివింది. చెప్పింది చెప్పినట్టు రాయాలని, మధ్యలో చక్కెర చల్లకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను.

కింది పెదవి మీద నాలుగు నెలలుగా ఒక పుండు. మానినట్టే మానుతుంది, పెచ్చు ఊడుతుంది, మళ్ళీ నెత్తురు. ఉప్పుగాలికి పగిలిందనుకుని నూనె రాసుకున్నాను. చర్మం డాక్టరమ్మ చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపింది. ఇవాళ రిపోర్ట్ వచ్చింది. క్యాన్సర్.

ఆ మాట రాసి కోడలు ఏడుస్తోంది. కాగితం తడిస్తే మళ్ళీ రాయాల్సింది నువ్వేనే అన్నాను.

మార్చి 4

నల్లటి ఒంటిని ఎండ ఏం చేస్తుందని డాక్టరమ్మను నిలదీశాను. నలుపు కొంత కాస్తుంది పెద్దమ్మా, అంతా కాయదు, పెదవికి ఆ కాపలా మరీ తక్కువ అంది. ఏం పని చేసేదానివని అడిగింది. ఉప్పు మడుల్లో నలభై ఒక్క ఏళ్ళు అన్నాను. ఆవిడ చేతిలో కలం ఆగింది. పైనుంచి ఎండ, కింద తెల్లటి ఉప్పు మీద పడి లేచే ఎండ, నిన్ను రెండు వైపులా కాల్చాయి అంది.

నయం, తొందరగా వచ్చావంది. ఇరవయ్యో తారీఖున కోసి తీసేస్తుందట. పెదవిలో ముక్క పోతుంది. కొన్నాళ్ళు మాట్లాడకూడదు, తర్వాత కూడా కేక వేయడం కష్టమేనట.

మడుల్లో నన్ను కేకమ్మ అంటారు. నా అసలు పేరు రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ తెలియదు.

మార్చి 6

ఉప్పు మడుల మేనేజర్ దగ్గరకు వెళ్ళాను. నాకేమీ వద్దు, మడుల మధ్య నీడకు షెడ్ వేయించు, పదకొండు నుంచి మూడు దాకా పని ఆపు, పొద్దున్నే మొదలుపెట్టి సాయంత్రం పూర్తి చేస్తాం అన్నాను. ఇంకా ఇరవై రెండు మంది ఆడవాళ్ళు అందులోనే ఉన్నారు, అందులో ఒకతె నా కోడలు అన్నాను. అతను పుండు వంక చూసి, పొగాకు నమిలితే ఇలాంటివే వస్తాయి ముసలమ్మా, ఎండను ఆడిపోసుకోకు అన్నాడు.

నేను జన్మలో పొగాకు ముట్టలేదు. నోరు బార్లా తెరిచి, పళ్ళు లెక్కపెట్టుకోమన్నాను. మొహం తిప్పుకున్నాడు.

మార్చి 7

కోపం. ఇంకేమీ లేదు రాయడానికి.

మార్చి 10

కార్మిక శాఖ ఆఫీసర్ దగ్గర కేసు పెట్టాం. విచారణ ఇరవై నాలుగున అన్నారు. ఇరవైకే నా పెదవి పోతుంది. నా మాట నా నోటితో చెప్పాలి కదా, ఒక్క వారం ఆపరేషన్ వెనక్కి జరపమని డాక్టరమ్మను అడిగాను. కుదరదంది. బతిమాలాను. నేను ఎవరినైనా బతిమాలడం కోడలు చూడటం ఇదే మొదలు.

దారిలో అది నాకు ఎదురు తిరిగింది. పద్నాలుగేళ్ళ కాపురంలో తొలిసారి. మీ నోరు లేకపోతే సర్దుకుంటాం అత్తయ్యా, మీరు లేకపోతే ఎక్కడ వెతుక్కోవాలి అంది. సరే, ఇరవైకే కోయించుకుంటానన్నాను. అదీ తొలిసారే.

మార్చి 12

ఈ మాట రాయనని కోడలు మొండికేసింది. రాయించాను.

మడిలో ఉప్పు లాగేటప్పుడు చేతుల్లోని చెక్క పలకలన్నీ ఒక్కసారే కదలాలి. ఒకరిది ముందు, ఒకరిది వెనక అయితే మడి అడుగు గీరుకుని బురద లేస్తుంది, ఉప్పు నల్లబడుతుంది. అందుకే ముందు నిలబడి లాగు, లాగు అని కేక వేసే మనిషి ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఆ మనిషిని నేను. నా కేకకు మూడు మడుల అవతల వాళ్ళు కూడా అడుగు కలిపేవారు. నా మడి ఉప్పులో మట్టి రేణువు చూపించిన మగాడు లేడు.

కేక వేయాలంటే మూతికి గుడ్డ అడ్డం. నేను నెత్తికి మాత్రమే కట్టేదాన్ని. నన్ను చూసి అందరూ అలాగే కట్టారు. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా ముక్కూ మూతీ చుట్టుకుంటే, ఎవరిని చూసి సిగ్గే అని ఎగతాళి చేసి విప్పించాను. ఎంతమంది చేతనో గుర్తులేదు. కోడలి చేత విప్పించింది మాత్రం గుర్తుంది.

ఈ కాగితాలే ఆఫీసర్‌కు ఇవ్వాలి, ఇది మేనేజర్ చేతికి కత్తి ఇవ్వడమే అంది కోడలు. ఇవ్వనీ. అబద్ధం కలిసిన కేసు బురద కలిసిన ఉప్పు లాంటిది, నా చేతి మీదుగా పోదు.

మార్చి 14

ఆఫీసర్ గది గుమ్మంలో కూర్చున్నాను. పొద్దున తొమ్మిది నుంచి. జవాను లేవమన్నాడు. మోకాళ్ళు పట్టేశాయి నాయనా, ఆఫీసర్ వచ్చి లేపాలి అన్నాను. మధ్యాహ్నానికి ఆయనే వచ్చాడు. మీ కాగితాల్లో ఎండ ఉండదు బాబూ, ఒక్కసారి మడికి రండి, పదకొండు నుంచి ఒంటిగంట దాకా నిలబడండి, గొడుగు కూడా తెచ్చుకోండి, ఆ తర్వాత నాది తప్పంటే ఒప్పుకుంటాను అన్నాను. నవ్వాడు. గొడుగుంటే ఇంకేం అన్నాడు. పంతొమ్మిదిన వస్తానన్నాడు.

మార్చి 19, రాత్రి ఏడు

వచ్చాడు. పెద్ద నల్ల గొడుగు. పచ్చటి మనిషి, ఫ్యాను కింద పెరిగిన ఒళ్ళు. అప్పుడే లాగిన ఉప్పు కుప్పల మధ్య నిలబెట్టి కేసంతా చెప్పాను, నా నోటితో, గొంతు తగ్గించకుండా. ఇరవై రెండు మందీ పలకలు దించి విన్నారు.

కోడలు ఆఫీసర్‌కు ఇవ్వబోయిన ఈ కాగితాలను మేనేజర్ లాక్కుని పన్నెండో తారీఖు పేజీ చదివాడు. చూశారా సార్, మూతులు తెరిపించింది ఈవిడేనట అన్నాడు. అవునన్నాను. తెలియక చేశాను. ఇప్పుడు డాక్టరమ్మ చెప్పింది, నేను చెప్పాను, నువ్వూ విన్నావు. రేపటి నుంచి కాలితే ఆ తప్పు నాది కాదు, నీది అన్నాను.

ఒంటిగంటకు ఆఫీసర్ గొడుగు ముడిచాడు. నుదురు మామూలుగానే ఉంది. గడ్డం కింద, ముక్కు కింద, చెవి తమ్మెల అడుగున ఎర్రగా కందిపోయింది. వేళ్ళతో తడుముకుని, మంటకు చెయ్యి తీసేశాడు. పైన గొడుగుంది కదా అని తనలో తనే అనుకున్నాడు. మాకు కింద గొడుగు ఎవరూ కుట్టలేదు బాబూ అన్నాను.

మార్చి 20, పొద్దున ఆరు

ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నారు. చెప్పాల్సింది నిన్ననే చెప్పేశాను. కొయ్యనీ.

మార్చి 28

కోడలు ప్రశ్న వేస్తుంది, నేను చేయి ఊపుతాను, అది రాస్తుంది. పుండంతా వచ్చేసిందట, కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదట. రిపోర్ట్ చూసి డాక్టరమ్మ నా భుజం తట్టింది. ఇక మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

ఆర్డర్ వచ్చింది. కోడలు మంచం పక్కన నిలబడి చదివింది. పదకొండు నుంచి మూడు దాకా మడిలో మనిషి ఉండకూడదు. రెండు షెడ్లు. అందరికీ వెడల్పు అంచు టోపీలు, పొడుగు చేతుల చొక్కాలు, మూతికి గుడ్డ, పెదవులకు పూత మందు. ఆరు నెలలకోసారి డాక్టర్ వచ్చి చూడాలి. మూతికి గుడ్డ కడితే కేక ఎలా అని సైగ చేశాను. రేకు మీద కర్రతో కొడుతున్నారట. కొట్టేది ఎవరని అడిగాను. కోడలు తల వంచుకుని, నేనే అంది.

మళ్ళీ చదవమన్నాను. నాలుగుసార్లు చదివించాను. నవ్వితే కుట్లు లాగుతున్నాయి.

ఏప్రిల్ 9, పగలు పదకొండున్నర

గట్టు మీద నీడలో నిలబడ్డాను. మడులు తెల్లగా మండుతున్నాయి. లోపల ఒక్క మనిషి లేదు.