మట్టి చెప్పుల వరసలో అనన్య బూట్లు

ఆదివారం రాత్రి, చాండ్లర్

ఇవాళ జపాన్ కళాకారుల ప్రదర్శనకి మా ఆయన్నీ పాపనీ లాక్కెళ్లింది నేనే. రేపు శ్రీధర్ క్షిపణులకి చిప్‌లు తయారుచేసే టీమ్‌లోకి మారాలి. వారంగా ఇంట్లో అదే యుద్ధం. అక్కడ బాంబులకి బలైన పిల్లల్ని చూసైనా మానుకుంటాడని నా ఆశ.

ఒక గది గుమ్మంలో పిల్లల చెప్పులు వరసగా ఉన్నాయి. మా అనన్య అలవాటు కొద్దీ బూట్లు విప్పి, ఆ వరస చివర పెట్టి లోపలికి నడిచింది.

"మ్యామ్, అవి ఆర్ట్‌వర్క్," అన్నాడు గార్డు మెల్లగా.

బడి మీద బాంబు పడ్డ రోజు ఇంటికి రాని పిల్లల చెప్పులట, ఒక్కొక్కటీ మట్టితో చేసినవి.

శ్రీధర్ ఒక్క ఉదుటున ఆ బూట్లు లాగేశాడు. నేల మీద కూర్చుని తనే తొడిగాడు. లేసులకి రెండేసి ముళ్లేశాడు.

"నాన్నా, స్టాప్! ఐయామ్ ఎయిట్," అని నవ్వింది అనన్య.

కారెక్కాక స్టార్ట్ చేయకుండా అడిగాడు. "సరే, నువ్వే గెలిచావ్. రేపు నో చెప్తా. వెంటనే లేఆఫ్ చేస్తారు. మరి దీని ఇన్సులిన్‌కి ఇన్సూరెన్స్ ఎక్కణ్ణుంచి తెద్దాం? చెప్పు."

మందుకి ఇన్సూరెన్స్, ఇన్సూరెన్స్‌కి ఉద్యోగం, ఉద్యోగానికి బాంబు. ఎంత తెలివిగా ముడేసింది ఈ దేశం! దీని మీద ఎన్ని వ్యాసాలు రాశాను, ఎంతమందిని సభల్లో కడిగేశాను! వెనక సీట్లో పిల్ల కునుకు తీస్తోంది. "ముందు కారు తియ్యి," అన్నాను.

పడుకునే ముందు శ్రీధర్, కొత్త టీమ్‌లో మొదటి రోజని, రేపు తొందరగా లేపమన్నాడు.

సరేనన్నాను.