'ఎవరు చెప్పాలి' అన్న గడి

శ్రీకాకుళం,
18 జూన్ 2025.

ప్రభువునందు ప్రియమైన సంజయ్ అన్నయ్యకు,

చెల్లెలు షీబా వందనాలు. నేను ఇక్కడ క్షేమం అని రాయబోయి కలం ఆపాను. ఒంట్లో బాగానే ఉంది గానీ, రెండు రోజులుగా భయంతో అన్నం సయించడం లేదు. వదినను అడిగానని చెప్పు. తాపీ పని నుంచి వచ్చి ఒళ్ళు నొప్పులంటూ మందుల షాపు మాత్రలు మింగుతున్నావట, తనే చెప్పింది. ఈ ఉత్తరం అందిన పూట నుంచే అవి మానెయ్. ఎందుకని అడక్కు, మానెయ్.

నా ఉద్యోగాన్ని కుర్చీలు వేసి టీలు పోసే పని అని ఎగతాళి చేస్తావు కదా. ఇంచుమించు అంతే. మన ఊళ్ళో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో చూడ్డానికి మూడు రకాల వాళ్ళు వచ్చారు. రక్తం చూసేది డాక్టరు గోవిందరావు గారు, బోరు నీళ్ళు చూసేది హైమ, మనుషుల తిండీ పనీ అడిగి రాసుకునేది ఉపేంద్ర. ఒకరి మాట ఒకరికి పట్టదు. వాళ్ళను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏ పని ఎవరిది, ఎప్పటికి, పేచీ వస్తే ఎవరి మాట చెల్లాలి అన్నీ ముందే పట్టికలో రాయించి సంతకాలు పెట్టించడం నా పని.

పని మొదలయ్యే ముందు పెట్టిన మీటింగులో గడులన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. ఫలితం ఊరివాళ్ళకు ఎవరు చెప్పాలి? డాక్టరు గారు ఇది పరిశోధనే గాని వైద్యం కాదు, అంతా పూర్తయ్యాకే చెప్పాలన్నారు. హైమ తనది నీళ్ళ సంగతేనంది. చెప్తే జనం బెదిరి అలవాట్లు మార్చుకుంటారు, తన సర్వే పాడవుతుందని ఉపేంద్ర గోల. భోజనాల వేళ దాటిపోతోంది. 'తర్వాత చూద్దాం' అని ఆ గడిలో నేనే రాసేశాను. అందరూ హాయిగా సంతకాలు పెట్టి లేచారు. నన్ను మెచ్చుకున్నారు కూడా.

మార్చిలో మన చర్చి ఆవరణలో రక్తం తీసిన రోజు గుర్తుందా? ఎవరూ ముందుకు రాలేదు. నేను నీ వైపు చూశాను. "నువ్వు సెప్తన్నావు కదే, ఇంకేటి బయం" అని లేచి చెయ్యి చాపావు. నిన్ను చూసే మిగతా నలభై మందీ వచ్చారు.

మొన్న సోమవారం మీటింగులో ఆ ఫలితాలు తెర మీద వేశారు. పేర్లుండవు, నంబర్లే. ఆరింటి పక్కన ఎర్ర గుర్తులు, అంటే కిడ్నీ దెబ్బతింటోందని. అవి ఏప్రిల్లోనే వచ్చాయట! ఇంకొకరెవరో చెప్పి ఉంటారని ఎవరికి వారు ఊరుకున్నారు. ఆ సాయంత్రమే నారాయణమ్మత్త ఫోన్ చేసి, "మా రగతం అట్టుకెల్లినారు, మూడు నెల్లయినాది. ఏటొచ్చిందో సెప్పరేటమ్మా?" అని అడిగింది. కనుక్కుని చెప్తానని ఫోన్ పెట్టేశాను.

నిన్న ముగ్గురినీ మళ్ళీ కూర్చోబెట్టాను. ఉద్యోగం పోతే పోయిందని ఆ గడిలో నా పేరు రాసి వాళ్ళ ముందుకు తోశాను. డాక్టరు గారు దాని కింద తన పేరు కూడా రాశారు. శుక్రవారం మొదటి బస్సుకే ఇద్దరం వస్తాం. ఇంటింటికీ వెళ్ళి చెప్తాం.

నీ క్షమ కోరే చెల్లెలు,
షీబా.

తా.క.: ఈ ముక్క ఆశా కార్యకర్త నీలవేణి పక్కన ఉన్నప్పుడే చదువు. ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేను, అందుకే ఉత్తరం రాసి ఆమె చేతికిస్తున్నాను. తెర మీద ఎర్ర గుర్తుల్లో అన్నిటికంటే పైనున్నది ఒకటో నంబరు. ఆ రోజు మొదటి కుర్చీలో కూర్చున్నది నువ్వే కదా అన్నయ్యా. ఇంకా మించిపోలేదని, కానీ ఆ నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకా పాడుచేస్తాయని డాక్టరు గారు అంటున్నారు. ఏప్రిల్ నుంచి రోజుకెన్ని మాత్రలు మింగావో గుర్తు చేసుకుని ఉంచు. రాగానే ఆయన ముందు అదే అడుగుతారు.