గేదెలు దిగని చెరువు

ఏమండీ,

తేటగా ఉంటే మంచినీళ్లేనని బతికున్నన్నాళ్లూ నాతో వాదించారు. తప్పండి. మీరు పోయి ఇవాళ్టికి ఏడాది, ఇప్పుడైనా దిద్దుకోండి.

మనవరాలి స్కూలు పిల్లలకు మన చెరువులో చిన్న పడవలు నడపడం, నీళ్లలో బతికే జీవాలను గుర్తుపట్టడం నేర్పుతున్నారు. నేనూ గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అడుగున ఎవరిదో చెప్పు పడి ఉంటే, దాని పట్టీ కూడా కనిపిస్తోంది. అంత తేట. పిల్లలు వల ముంచి తెల్ల పళ్లెంలో కుమ్మరించారు. పురుగు లేదు, నత్త లేదు, చేపపిల్ల లేదు. పడవల తెడ్లు ఆగినా ఒక్క కప్ప కూడా అరవలేదు. నీళ్లంటే పడిచచ్చే గేదెలు గట్టు మీదే నిలబడి చెరువు వంక చూస్తున్నాయి, దిగడం లేదు.

"నానమ్మా, ఇందులో ఎవరూ లేరేంటి?" అంది మనవరాలు, గొంతు తగ్గించి.

రేపు పడవను కావాలని బోల్తా కొట్టించి, నీళ్లలో పడి మళ్లీ ఎక్కే పాఠమట. మాస్టారితో చెప్పి ఆపించాను. అవతలి గట్టున మీ తమ్ముడు మిరపతోటకు పురుగుమందు కొట్టిన డబ్బా చెరువులో ముంచి కడుగుతున్నాడు మరి. వెళ్లి అడిగాను.

"అన్నయ్య నేర్పిందేగా వదినా! ముప్పై ఏళ్లు ఇక్కడే కడిగాడు."

నా మాట వినడు. రేపు అన్నం తిని వసారాలో కునుకు తీస్తాడు. అప్పుడు కలలోకి వెళ్లి, డబ్బా చేలోనే కడగమని మీరే చెప్పి రండి. కుడివైపు నిలబడి చెప్పండి, ఎడమ చెవి వినపడదు.