మొద్దు వేలికి ట్రిగ్గర్

ఎమ్మెట్, ఐడహో
జూన్ 3

ప్రియమైన అక్కా,

వేటకి అనుమతిచ్చే ట్యాగ్ వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా లాటరీలో పేరు వేస్తూనే ఉన్నాను. ఈ ఏడాది కొండ పొట్టేలు నాకు తగిలింది, అదీ నీ రాంచ్ వెనక కనుమలోనే. సీజన్ సెప్టెంబర్లో. ఈసారి దొరక్కపోతే మళ్ళీ లాటరీ తగిలేనాటికి నాకు ఎనభై దాటతాయి.

కాగితం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫిబ్రవరిలో మిల్లు రంపం నా కుడి చూపుడు వేలిని ఏం చేసిందో నీకు తెలుసు. వేలు మిగిలింది, వంగుతుంది కూడా. బలం సగమే, స్పర్శ లేదు. ఎడమ చేత్తో కాల్చమని అందరూ సలహా ఇస్తున్నారు. నా ఎడమ కంట్లో పొర ఉందని వాళ్ళకెవరికీ తెలియదు. డెల్బర్ట్ అయితే మిల్లు గేటు దగ్గర అందరూ వింటుండగా, "వెండెల్, నువ్వు కొండెక్కి ఆ చెయ్యి ఒక్కసారి ఊపు చాలు. పొట్టేలు జాలిపడి తనే దిగొస్తది" అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

నా రైఫిల్ నీ దగ్గరే ఉంది కదా. దానికి ఫ్యాక్టరీలో పెట్టిన ట్రిగ్గర్ లాగాలంటే ఆరు పౌన్ల బలం కావాలి. నా వల్ల కాదు, లాగేలోపే తుపాకీ అంతా వణుకుతుంది. అందుకని కొత్త ట్రిగ్గర్ కొన్నాను, బుధవారం టపా విమానంలో పంపుతున్నాను. మార్చి బిగించు. ఒక పౌనుకి దించు. నాన్న తర్వాత తుపాకీ విప్పి, మళ్ళీ బిగించగలదని నేను నమ్మేది నిన్నొక్కదాన్నే.

ఆశ చావని
వెండెల్

*

మిడిల్ ఫోర్క్
జూన్ 17

తమ్ముడూ వెండెల్,

ట్యాగ్ వార్త చదివి వంటగదిలో ఒక్కదాన్నే కేక పెట్టాను. కుక్క బయటికి పారిపోయింది.

ఆర్విల్ టపా విమానం దింపి, నీ పెట్టెను చెవి దగ్గర ఊపి, "ఏం లొరేటా, ఇంత చిన్న పెట్టె ఇంత బరువుంది. ఎవడైనా ఉంగరం పంపాడా?" అన్నాడు. "ఉంగరమైతే ఈపాటికి నువ్వే విప్పి చూసేవాడివి" అన్నాను.

పని చేశాను. తూటాలు పక్క గదిలో పెట్టి, బోల్టు తీసి, గొట్టంలో ఏమీ లేదని వేలు పెట్టి చూసుకుని మొదలుపెట్టాను. అడుగున రెండు మరలు విప్పితే గొట్టం చెక్క నుంచి లేచి వచ్చింది. రెండు మేకులు కొట్టి తీస్తే పాత ట్రిగ్గర్ డబ్బా మొత్తంగా చేతిలో పడింది. కొత్తది అవే కన్నాల్లో కూర్చుంది. కానీ దాని ఒళ్ళు కాస్త లావు. సేఫ్టీ మీట చెక్కకి ఒరుసుకుంటోంది. ఆ చోట బియ్యపు గింజంత చెక్కడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

ఇక నీ ఒక పౌను సంగతి. చేపలు తూచే త్రాసు కొక్కెం ట్రిగ్గర్‌కి తగిలించి, స్ప్రింగు మర తిప్పుకుంటూ సరిగ్గా ఒక పౌనుకి తెచ్చాను. తర్వాత గొట్టం ఖాళీగా ఉంచి, బోల్టు మూసి, తుపాకీ మడమను వంటగది నేల మీద ఒక్కసారి కొట్టాను. టక్కుమంది. నేను ట్రిగ్గర్ ముట్టుకోలేదు వెండెల్. కొండ మీద నువ్వు జారి కూర్చుంటే అంతే జరుగుతుంది. రెండు పౌన్లకి పెంచాను, మూడో దెబ్బకి అదే చప్పుడు. రెండున్నర దగ్గర నిలిచింది. ఎంత కొట్టినా, బోల్టు ఎంత విసురుగా మూసినా కదల్లేదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి, వదిలి, సేఫ్టీ తీసి చూశాను. అప్పుడూ కదల్లేదు.

ఒక పౌను మాట మర్చిపో. ఈ రెండున్నర కూడా ఇప్పుడే నీ చేతికివ్వను. నీ వేలికి ఏం తెలుస్తుంది, ఎక్కడి నుంచి తెలుస్తుంది, ఎంత బరువు లాగగలదు? ఉన్నదున్నట్టు రాయి.

ఇంకా నేల మీద మోకాళ్ళతోనే ఉన్న
లొరేటా

*

ఎమ్మెట్
జూన్ 29

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కొస నుంచి రెండో కణుపు దాకా ఏమీ తెలియదు. పొయ్యి మీద పెట్టినా వాసన వచ్చాకే తెలుస్తుంది. అక్కడి నుంచి వెనక్కి చెయ్యి నాదే. త్రాసు వేలికి తగిలించి లాగాను. నాలుగు పౌన్ల దగ్గర వణుకు మొదలైంది.

ఇక నా మాట. నీకు పది వేళ్ళూ ఉన్నాయి. మొద్దుబారిన వేలంటే ఏమిటో నీకు తెలియదు, తెలియబోదు. సర్జన్ అలాగే మాట్లాడాడు, ఫోర్‌మన్ అలాగే మాట్లాడాడు, ఇప్పుడు నువ్వు. "ఇది నీకివ్వను, అది నీకు కాదు." పొట్టేలు నాది, వేలు నాది, తుపాకీ నాది. ఒకటిన్నర పెట్టు. నేను జారను.

వెండెల్

*

ఎమ్మెట్
ఆగస్టు 6

అక్కా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది. మీ కనుమంతా కార్చిచ్చు పొగ, విమానం దిగడం లేదని చెబుతున్నారు. పొగేనా, కోపమా? రెండూ అయినా పర్లేదు. ఏదో ఒకటి చెప్పు. సీజన్ దగ్గరపడింది.

వెండెల్

*

మిడిల్ ఫోర్క్
ఆగస్టు 20

తమ్ముడూ,

పొగే. కోపం కూడా కొంత. కోపం ముందు తగ్గింది.

నీ ఉత్తరం అందిన రోజే, ఆర్విల్ మళ్ళీ ఎగిరేలోపే, నీ ట్రిగ్గర్‌ను విప్పి తిరుగు టపాలో పంపేసి ఇంకో రకం తెప్పించాను. పొగ కమ్మేముందు దిగిన చివరి విమానంలో వచ్చింది. ఆ తర్వాత దానితో కూర్చోవడానికి నాకు కావలసినంత తీరిక దొరికింది.

ఇది రెండంచెల ట్రిగ్గర్. మొదట రెండు పౌన్ల బరువుతో మెల్లగా వెనక్కి వస్తుంది. అప్పటికి ఏమీ కాదు, వదిలేస్తే ముందుకి పోతుంది. అక్కడ గోడ తగిలినట్టు ఆగుతుంది. ఆ మీద ఇంకో పౌను వేస్తేనే పేలుతుంది. మొత్తం మూడు, నీ వణుకు కంటే తక్కువ. నువ్వు పంపిన ట్రిగ్గర్ ఎప్పుడు వదులుతుందో వేలి కొసకి తెలియాలి. ఆ స్పర్శ నీకు లేదు. ఈ గోడ కణుపుకీ మణికట్టుకీ కూడా తెలుస్తుంది. అవి నీకు బాగానే ఉన్నాయని నువ్వే రాశావు. నేల మీద కొట్టాను, బోల్టు విసిరాను, గోడ దాకా లాగి పట్టుకుని కూడా కొట్టాను. నిలిచింది.

గోడ మరీ మెత్తగా ఉంటే నీకు తెలియదు, మరీ గట్టిగా ఉంటే దాటేటప్పుడు గురి చెదురుతుంది. మధ్య చోటు దొరకడానికి చాలా రోజులు పట్టింది. ఎలా దొరికిందని అడక్కు. మరలు కదలకుండా వాటి మీద గోళ్ళరంగు చుక్కలు పెట్టాను. రేడియోలో అడిగితే ఆర్విల్ ఇవాళ తెచ్చాడు. "కొట్టులో ఆ పిల్ల నన్ను కిందికీ పైకీ చూసి, మీకు ఎరుపు నప్పదండీ అంది" అని వాపోయాడు.

వారం ముందే రా. ఖాళీ తుపాకీతో నా వంటగదిలో లాగి చూడు, తర్వాత కాగితం మీద కాల్చు. గోడ నీకు తగలకపోతే నేను తూటాలివ్వను, నువ్వు కొండెక్కవు. తిట్టుకో.

అక్క

*

ఎమ్మెట్
సెప్టెంబర్ 25

ప్రియమైన అక్కా,

నీ వంటగదిలో మొదటిసారి లాగి, వెంటనే మళ్ళీ మళ్ళీ లాగడం చూసి, తగల్లేదేమోనని నీ ముఖం మారింది. తగిలింది. నిజమా కాదా అని చూసుకున్నాను, అంతే. ఫిబ్రవరి నుంచి ఆ వేలి వైపు నుంచి నాకు వచ్చిన మొదటి కబురు అది.

మంచు ముందే దిగడంతో వెనక్కి నీ వైపు రాలేకపోయాను. అవతలి దారిన ఎగువనున్న విమానాల మైదానానికి దిగితే ఆర్విల్ ఎక్కించుకొచ్చాడు. అందుకే నీకు ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది కాగితం మీద రాస్తున్నాను.

నాలుగో రోజు ఉదయం పొట్టేలు కనిపించింది. ఏటవాలు రాళ్ళ మీద, పక్కకి తిరిగి నిలబడింది. కొమ్ములు చెవి కిందుగా పూర్తి చుట్టు తిరిగి ఉన్నాయి. రెండు వందల గజాలు. పడుకున్నాను, రైఫిల్‌ను సంచి మీద ఆనించాను, సేఫ్టీ తీశాను, లాగాను. గోడ తగిలింది. సరిగ్గా అప్పుడు దాని వెనక రాయి మీద ఇంకో తల లేచింది. ఆడ గొర్రె. నా తూటా పొట్టేల్లోంచి దూసుకెళ్తే దానికే తగిలేది. నేను గోడ దగ్గరే ఆగి, వేలు వదిలేశాను. ట్రిగ్గర్ ముందుకి పోయింది. సేఫ్టీ వేశాను. అవి రెండూ తాపీగా శిఖరం దాటిపోయాయి.

నేనడిగిన ఒక పౌనైతే నాకు తెలిసేలోపే అది పేలిపోయేది.

రెండు రోజులు వాటి వెంట తిరిగాను. రొట్టె అయిపోయింది, మంచు మొదలైంది. దిగిపోదామనుకుంటుండగా అదే పొట్టేలు, ఈసారి ఒంటరిగా, కింది చరియ మీద నిలబడింది. వెనక ఖాళీ మట్టి గట్టు. లాగాను, గోడ తగిలింది, ఆగాను, ఊపిరి వదిలాను, దాటాను. ఒక్క తూటా. నిలబడ్డచోటే కూలింది.

అక్కా, ఆగమంటే ఆగింది. పొమ్మంటే పోయింది. ఈ చెయ్యి మళ్ళీ నా మాట వింటుందని నేను అనుకోలేదు.

విమానంలో ఆర్విల్‌కి ఇదంతా చెప్పాను. విని, "అయితే అదన్నమాట సంగతి" అన్నాడు. ఏది అన్నమాట అంటే చెప్పాడు. "పొగలో ఒకసారి దిగలేక మీ అక్క ఇంటి మీద తక్కువ ఎత్తులో తిరిగా. మంచునీళ్ళ వాగులో చెయ్యి పెట్టుకుని కూర్చునుంది. చేపలకి వేలు ఎర వేసిందేమో అనుకున్నా. ఆమధ్య దిగినప్పుడు చూస్తే ఆ చూపుడు వేలు తెల్లగా పాలిపోయి, నిండా సూదిపోట్లు. ఏంటని అడిగితే, ఇంకా తెలుస్తోందో లేదో చూసుకుంటున్నా, అంది. ఆ వేలితోనే లోపలికెళ్ళి టక్కు టక్కున లాగుతోంది. ఒంటరిగా ఉండి మతి పోయిందనుకున్నా వెండెల్, నిజంగా."

నీకు పది వేళ్ళున్నాయని రాశాను. ఆ వాక్యం కొట్టేయి. పెద్ద పెన్ను తీసుకుని కొట్టేయి.

డెల్బర్ట్ కొమ్ములు చూడ్డానికి వచ్చి, కొమ్ములొదిలేసి ట్రిగ్గర్ గురించే అడిగాడు. వాడి మేనమామకి పక్షవాతమొచ్చి చెయ్యి సరిగా లేదట. "మీ అక్క ఒప్పుకుంటుందా?" అన్నాడు. ఎమ్మెట్‌లో ఎవరైనా ట్రిగ్గర్ బిగించగలరని అనబోయి ఆగిపోయాను. మరలు తిప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. "ఉత్తరం రాయి. ముందు ఆయన వేలి గురించి అడుగుతుంది, నిజం చెప్పు" అన్నాను.

వెనక తొడ ఒకటీ, భుజం ఒకటీ బుధవారం విమానంలో పంపుతున్నాను. డబ్బాలో ఉన్నది కరిగించి వడకట్టిన పొట్టేలు కొవ్వు. అది వంటకి కాదు. రోజూ పడుకునేముందు ఆ వేలికి రాసుకో.

నీ
వెండెల్