వణుకు సాధన

అమ్మా మరదలా,

నువ్వు చల్లగా ఉండాలని దేవుడికి చెప్పుకుని ఈ కాగితం తీశాను. ఫోన్ చేద్దామంటే మా నంబరు చూసి నువ్వు ఎత్తవు. తప్పు పట్టడం లేదు. నీ స్థానంలో నేనున్నా ఎత్తను.

మేం నీకు గంట ప్రయాణం దూరంలోనే ఉన్నాం. ఇక్కడ ఇంద్రజాలికుల సమ్మేళనం జరుగుతోంది. పగలు పాఠాలు, సాయంత్రం ప్రదర్శనలు. హాలు నిండా మేజిక్ చేసేవాళ్ళే, మామూలు మనిషిని నేనొక్కదాన్నే. తమ్ముణ్ణి నాణేల మీద పాఠం చెప్పమని పిలిచారు. కోటు పట్టుకుని ఎప్పటిలాగే నేనూ వెంట వచ్చాను.

వాడి కోటుకి లోపలి దొంగజేబులు కుట్టేది నేనేనని నీకు తెలుసు. జేబు నోరు రెండు వేళ్ళు పట్టేంతే ఉండాలి. అంతకన్నా వెడల్పైతే ముందు వరుసవాళ్ళ కంట పడుతుంది. పోయిన ఏడు వచ్చి, "అక్కా, కాస్త వదులు చెయ్యి" అన్నాడు. చేశాను. మళ్ళీ వచ్చాడు, ఇంకాస్త అని. వానలు మొదలయ్యాక మళ్ళీ. "ఏరా, జేబులో నాణెం పెడతావా, పిల్లిని పెడతావా?" అని నవ్వాను. వాడు నవ్వలేదు. కుడిచెయ్యి తెచ్చి నా కుట్టుమిషను బల్ల మీద పెట్టాడు. మిషను ఆగే ఉంది. బల్ల మీది గుండీల డబ్బా మాత్రం గలగలమంటోంది.

అది తాగుడు వణుకు కాదమ్మా. నరాల జబ్బు. తగ్గేది కాదు, పెరిగేదేనని డాక్టరు దాచకుండా చెప్పాడు. నువ్వు చూసిన తాగుడంతా నాటకం. ఇంటికొచ్చే ముందు చొక్కా కాలరు మీద మందు చిలకరించుకునేవాడు. నేను అడ్డుపడ్డాను. "తాగుబోతునంటే తిడుతుందక్కా. జబ్బని చెబితే నా చెయ్యి వంకే చూస్తూ కూర్చుంటుంది. తిట్టనీ" అన్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు పెట్టె సర్దుకుని వెళ్ళేప్పుడు ఆ ఒట్టుతోనే గుమ్మంలో నిలబడ్డాను.

ఇవాళ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. ఎందుకో చెబుతాను.

పొద్దున పాఠంలో నాణెం కుడి అరచేతిలో దాచబోయాడు. చెయ్యి వణికింది. నాణెం జారి బల్ల మీద పడి, దొర్లి, కిందికి పోయింది. నా ప్రాణం పోయింది. తలెత్తి చూస్తే, పడిన నాణెం వంక ఒక్కరూ చూడటం లేదు. అందరి కళ్ళూ వాడి ఎడమచేతి మీదే. వాళ్ళ విద్యలో అంతే కదా, ఒక చెయ్యి తడబడిందంటే అసలు పని రెండో చేతిలో జరుగుతోందని లెక్క. అక్కడేమీ జరగడం లేదని నాకొక్కదానికే తెలుసు. కాసేపు చూసి చప్పట్లు కొట్టారు.

వీళ్ళందరికీ పెద్ద ఒకాయన ఉన్నాడు, ప్రొఫెసర్ అంటారు. ఆయన లేచి, "ఏమయ్యా, నలభై ఏళ్ళుగా చూస్తున్నా, ఇంత సహజమైన వణుకు చూడలేదు. ఎలా సాధించావ్?" అన్నాడు.

వాడు ఒక్క క్షణం నా వంక చూశాడు. తర్వాత నవ్వాడు. "సాధనే సార్. వదలకుండా సాధన."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ దృశ్యం నువ్వు చూడకూడదు. పెద్దపెద్దవాళ్ళు టీ కప్పులు పట్టుకుని వణుకు నేర్చుకుంటున్నారు. "నీది మరీ చలిజ్వరంలా ఉందోయ్" అని ఒకడు, "మణికట్టు నుంచి రావాలి, మోచెయ్యి నుంచి కాదు" అని ఇంకొకడు. ఒకాయన సాసరు నిండా టీ ఒలికించి, "ఇదుగో, వచ్చేసింది!" అని కేక. వాళ్ళ మధ్య వీడు కూర్చుని తప్పులు దిద్దుతున్నాడు. తన కప్పు మాత్రం ముట్టుకోలేదు.

సాయంత్రం ప్రదర్శనలో చివరి అంశం వాడిదని ఇప్పుడే ప్రకటించారు. అదే మళ్ళీ చెయ్యాలట. నాకు భయంగా ఉంది. హాలు డ్రైవరు స్పీకర్లు తేవడానికి మీ వైపు వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేత పంపుతున్నాను. వీలైతే అదే బండిలో రా. వాణ్ణి ఆపగలిగితే నువ్వే ఆపగలవు.

నీ వదిన


మర్నాడు పొద్దున

అమ్మా మరదలా,

నీ జవాబు నిన్న ప్రదర్శనకి ముందే అందింది. బండిలో నువ్వుంటావేమోనని గేటు దాకా వెళ్ళాను. డ్రైవరు స్పీకర్లు దింపి, నీ చీటీ చేతిలో పెట్టాడు.

"తెలుసు వదినా. వాసన కాలరుకే ఉండేది, ఊపిరికి ఉండేది కాదు. కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం తేడా తెలియదా? తిట్టినన్నాళ్ళూ నేను తిట్టింది కూడా, ఈసారైనా నిజం చెబుతాడేమోనని. మీరు చెబితే కాదు. ఆయన చెప్పాలి."

చదివి మెట్ల మీద కూలబడ్డాను. రహస్యం మోస్తున్నది నేనే అనుకున్నాను. మీరిద్దరూ దాన్నే చెరో ఇంట్లో పెట్టుకుని కూర్చున్నారు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే మాట రాలేదు. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

ప్రదర్శన సంగతి నువ్వు తెలుసుకోవాలి. తెర పక్కన నిలబడి చూశాను. నాణెం తీశాడు. చెయ్యి వణికింది. నాణెం పడింది, దొర్లుకుంటూ వేదిక దిగిపోయింది. ఎవరూ దాని వంక చూడలేదు. అందరూ ముందుకు వంగి ముగింపు కోసం చూస్తున్నారు. ముగింపు లేదు. వాడు అలాగే నిలబడ్డాడు.

"అయిపోయిందండీ" అన్నాడు.

నవ్వారు.

"నిజంగానే అయిపోయింది. ఇది సాధన కాదు, నరాల జబ్బు. పొద్దున మీతో అబద్ధం చెప్పాను. ఇక నా చేతిలో నాణెం నిలవదు."

నవ్వులు ఆగాయి. దేవుడు విన్నాడనుకున్నాను. అంతలో వెనక నుంచి ఎవరో, "అబ్బ! ఏం కథ అల్లాడ్రా!" అన్నారు. ఇక చూడు, హాలంతా లేచి నిలబడి చప్పట్లు. మామూలు జనమైతే ఎవరో ఒకరు కుర్చీ తెచ్చేవారు. వీళ్ళు కంటికి కనబడినదాన్ని నమ్మకపోవడమే బతుకుగా బతికినవాళ్ళు. వీళ్ళ ముందు నిజం చెప్పడమంటే గోడకి చెప్పడమే.

హస్తలాఘవానికి ఇచ్చే కప్పు వాడికే ఇచ్చారు. అదీ చేతిలోంచి జారింది. మళ్ళీ నవ్వులు. ప్రొఫెసర్ వంగి తీసి, సరిగ్గా పట్టించడానికి వాడి మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదల్లేదు. ఆయన ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. కప్పు బల్ల మీద పెట్టేసి, వాణ్ణి అలాగే చెయ్యి పట్టుకుని నా దగ్గరికి నడిపించుకొచ్చాడు. "అమ్మా, కూర్చోబెట్టండి" అన్నాడు. తెర అవతల చప్పట్లు ఆగలేదు.

గదికి వచ్చాక, "హాలంతటికీ చెప్పానక్కా. నమ్మినవాడు ఒక్కడు, అదీ పట్టుకుని చూసి" అన్నాడు.

"పట్టుకోకుండా నమ్మే మనిషికి చెప్పలేదుగా" అని నీ చీటీ ఇచ్చాను.

చదువుతున్నంతసేపూ కాగితం వాడి చేతిలో చప్పుడు చేస్తూనే ఉంది.

"తెలిసే వెళ్ళిందా?"

"తెలిసే."

"నీ ఒట్టు?"

"తీసేశాను."

కోప్పడతాడనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వీపు వణుకుతోంది. అది జబ్బో ఏడుపో నేను అడగలేదు.

ఈ పొద్దున కోటు ఒళ్ళో వేసుకుని దొంగజేబులన్నీ విప్పేశాను. "ఏం చేస్తున్నావ్?" అన్నాడు. "మామూలు కోటు చేస్తున్నాను. చలికి పనికొస్తుంది" అన్నాను. సరేనన్నట్టు తల ఊపాడు. ఎన్ని కోట్లకి కుట్టానో ఆ జేబులు. విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

నీకు ఆశలు పెట్టను. చొక్కా గుండీలు ఇప్పటికే నేను పెడుతున్నాను. ఎడమచెయ్యి కూడా మొదలవుతుందని డాక్టరు మాట. వస్తే మంచిరోజులుంటాయని రాస్తే అదీ గారడీయే అవుతుంది. రాకపోయినా నిన్ను ఒక్క మాట అనను, ఎవరినీ అననివ్వను.

"నీ తరఫున ఏం రాయమంటావు?" అని అడిగాను. "నువ్వు రాయకు. కింద జాగా వదులు" అన్నాడు. వదిలాను. ఎంత వదలాలో తెలియక ఎక్కువే వదిలాను. ఈ మధ్య వాడి అక్షరాలు పెద్దవి. కలం ఇచ్చి నేను కిటికీ దగ్గరికి పోతున్నాను.

నీ వదిన


నా చెయ్యి వణుకుతోంది. భయంగా ఉంది.