సొట్ట పడిన కప్పు

సంచౌంగ్

దేముడమ్మ వదినకు,

సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి ఫోన్లు ఆపేసింది కాబట్టి మీ తన్లిన్ వచ్చే బస్సు డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. నేను నడిపే పిల్లల జట్టులో ఈ ఏడాది బేస్‌బాల్ ఉత్తమ ప్లేయర్ కప్పు నా దగ్గరుంటున్న నీ కూతురు సుధామణిదే!

అదే జట్టులో ఆడే రాంబాబు తండ్రి బుల్లియ్య ఊరుకోలేదు. "హోమ్ రన్లు కొట్టినోడు మావోడు. సెడ్డ బంతులొదిలేసి బేసుకి నడిసెల్లిపోయినదానికి కప్పేటి?" అన్నాడు. సీజన్ లెక్కలు చూపించాను. వాడు ఎక్కువసార్లు అవుటయ్యాడు, మన పిల్ల సగానికి పైగా సార్లు అవుటవకుండా బేసు చేరింది.

గుంపు కూడితే కాల్చేస్తారని సభ పెట్టలేదు. సాయంత్రం సైన్యమనే దుష్టశక్తి పారిపోవాలని వీధంతా గిన్నెలు వాయిస్తుంటే, వాకిట్లోనే కప్పు చేతికిచ్చాను. సుధామణి దాన్ని బోర్లించి, గరిటెతో అందరికన్నా గట్టిగా వాయించింది.

సొట్ట పడింది. ఉత్తరంతో పాటే పంపుతున్నాను, బాగుచేయించకు వదినా.

నీ ఆడపడుచు