పళ్లేల మంచం

మట్టెవాడ, వరంగల్లు
11 ఆగస్టు 1963

ఈ రోజు పనులు: బియ్యం ఏరడం అయింది. చింతపండు గింజ తీయడం సగం. ఆయనకు కషాయం రెండుసార్లు. కుర్చీ పూర్తి. మంచం మొదలు.

అక్క కట్టమ్మకు చెల్లె సమ్మమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. షోలాపూర్‌లో నువ్వు, బావ క్షేమమని తలుస్తాను.

క్షేమమని అలవాటు కొద్దీ రాశాను. ఆయన దగ్గు తగ్గలేదు. హనుమకొండ దవాఖానలో డాక్టరు ఛాతీకి గొట్టం పెట్టి చూసి, ఇక మగ్గం మీద కూర్చోవద్దన్నాడు. మగ్గం పోయిన ఉగాదికే అమ్మేశామని చెప్పాను. "మంచిదే అయింది" అన్నాడు.

ఊరికే కూర్చోలేక నేను విరిగిన సామాను ముందేసుకున్నాను. బడివాళ్లు గోడ అవతల పారేసిన కుర్చీ ఒకటి తెచ్చాను. కూర్చునే చోట అల్లిక మొత్తం పోయి పెద్ద కంత ఉంది. ఆ కంతలో కడవ అడుగు చక్కగా కుదిరింది. కుర్చీ వీపు మీద తువ్వాల ఆరేస్తున్నాను. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "ఈ ఇంట్ల కుర్చీల కూసునే యోగం కడవకు రాసిపెట్టి ఉన్నది" అన్నాడు.

అమ్మ సామాను పంచుకున్నప్పుడు నా పాలికి వచ్చిన నులక మంచం కోళ్లు పుచ్చిపోయాయి. నీకు టేకుది, నాకు ఇది. అందుకు నేనేమీ అనడం లేదు, లెక్క కోసం రాస్తున్నాను. ఆయన ఎలాగూ చాప మీదే పడుకుంటున్నాడు, దగ్గు వస్తే లేవడం సులువని. మంచాన్ని ఏం చేసిందీ పని అయ్యాక రాస్తాను.

ఇట్లు,
సమ్మమ్మ

తా.క.: ఆయన నీకు నమస్కారాలు రాయమన్నాడు. అక్క మిమ్మల్ని అడగలేదు కదా అన్నాను. అయినా రాయమన్నాడు.

*

షోలాపూర్
22 ఆగస్టు 1963

చెల్లె సమ్మమ్మకు అక్క కట్టమ్మ దీవించి రాయించునది. చెప్పేది నేను, రాసేది మీ బావ సారంగపాణి.

నీ ఉత్తరం ముట్టింది. కడవను కుర్చీల కూసోవెట్టి మొగన్ని కింద పండవెట్టినవు. మంచిగనే ఉన్నది సంసారం! లింగమూర్తి సంగతి నాకు కొత్తదా? లగ్గం నాడే అమ్మకు చెప్పిన, ఈ పిలగాడు గాలొస్తే పడిపోతడని. ఎవ్వలన్న విన్నరా? మగ్గమెక్కితే దగ్గు, దిగితే దగ్గు.

టేకు మంచం మాట ఎత్తకుంట ఉండలేవు నువ్వు. ఆఖరు రోజుల్ల అమ్మకు చేసింది నేను. ఆ నులక మంచం గూడ అమ్మదే. దాన్ని ముక్కలు చేసినవంటే నా మొకం చూడకు.

నూలు బేరానికి మన మొగిలయ్య వచ్చే నెల వరంగల్లు వస్తండు. ఆయనతోని ఒక చద్దరు పంపుత. ఆ దగ్గెటాయనకు కప్పు.

ఇట్లు,
కట్టమ్మ

తా.క.: ఇది రాసేవాని మాట. చద్దరు కొనుమని నేను చెప్పలే. బజారు బజారు తిరిగి తనే ఏరింది. గరుకుగ ఉంటే లింగమూర్తి తమ్ముని ఛాతీకి గుచ్చుకుంటదట. ఈ మాట రాస్తున్ననని ఆమెకు తెల్వదు. చదువు రానోళ్లతోని ఇదొక్కటే సుఖం.

*

షోలాపూర్
29 సెప్టెంబరు 1963

చెల్లె సమ్మమ్మకు అక్క కట్టమ్మ రాయించునది.

ఉత్తరం ఎట్ల మొదలువెట్టాల్నో మీ బావకు తెల్వలే. క్షేమం అని రాసి కొట్టేసిండు.

మొగిలయ్య నిన్న వచ్చి చెప్పిండు. మీ సందు మలుపుల నిలవడి చూసిండట. అరుగు మీద మంచం నిలవెట్టి ఉన్నదట. నువ్వు తడి వెంట్రుకలతోని వాకిట్ల పొయ్యి ముందర కూసోని, ఆ పొగల కండ్లు తుడుసుకుంటున్నవట. మనిషి పోయినింట్లనే గద మంచం నిలవెడుతరు, ఇంకేం అడుగుతరు? బిడ్డ లగ్గం ముంగట పెట్టుకోని మైల ఇంట్ల అడుగువెట్టొద్దని, చద్దరుతోని అట్లనే మళ్లిండు.

అయ్యో లింగమూర్తీ! ఎసొంటి మనిషి! ఒక్కనాడన్న నా చెల్లెను ఒక్క మాట అన్నడా? అమ్మ దినాల నాడు మేమందరం సామాను కాడ కొట్లాడుకుంటుంటే, నీళ్ల బిందెలన్ని ఒక్కడే మోసిండు. అందరం తిన్నంక, అడుగున మిగిలింది తిన్నడు. ఉన్నదా అయిపోయిందా అని గూడ మేం అడగలే. ఆయన నేసిచ్చిన చీర ఇప్పటికి రంగు దిగలే. ఇయ్యాల అదే కట్టుకున్న. గాలొస్తే పడిపోతడన్న. నా నోట్లె మన్ను వడ!

పుట్టింటి చీర నేనే తెస్త. నీ పక్కన కూసోని ఏడ్వాలె. ఆ ఏడుపు నీకు బాకీ ఉన్న, వచ్చి తీరుస్త.

ఇట్లు,
కట్టమ్మ

తా.క.: రాసేవాని మాట. తమ్ముని కోసం నేను గడ్డం గీసుడు బంద్ చేసిన. మిల్లుల అందరు సాధువు వచ్చిండంటుండ్రు. ఎన్ని రోజులు పెంచాల్నో జల్ది రాయి. దురద పుడుతున్నది.

*

మట్టెవాడ, వరంగల్లు
6 అక్టోబరు 1963

ఈ రోజు పనులు: కషాయం మూడుసార్లు. పళ్లేలు కడిగి మంచంలో దోపాను. పప్పు ఎండబోశాను, వాన వచ్చింది, తీశాను.

అక్క కట్టమ్మకు చెల్లె సమ్మమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ మేము ఇద్దరమూ క్షేమం. ఇద్దరమూ అన్న మాట గమనించు.

నీ ఉత్తరం టపా అతని దగ్గర తీసుకున్నది ఆయనే. విప్పి చదివిందీ ఆయనే.

జరిగింది ఇదీ. మంచానికి నాలుగు కోళ్లూ కోసేశాను. కోళ్లు పోయాక మిగిలింది చట్రం. నులక బిగదీసి అరుగు మీద గోడకు నిలబెడితే, తాళ్ల సందుల్లో పళ్లేలు, మూతలు, గరిటెలు అన్నీ పట్టాయి. పక్కింటి లచ్చవ్వ చూసి, "మంచం నిలవెడితే మనిషి పోయిండని గదనే!" అంది. కోళ్లు లేనిది మంచం ఎలా అవుతుందని అడిగాను. మొగిలయ్య చూసిన రోజు నేను తలంటుకున్నాను. పొయ్యిలో కాలుతున్నవి ఆ పుచ్చిన కోళ్లే, అందుకే అంత పొగ.

ఆయన నీ ఉత్తరం నాకు పైకి చదివి వినిపించాడు. "ఎసొంటి మనిషి" దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, మళ్లీ చదివాడు. బిందెల దగ్గరికి వచ్చేసరికి, "వదినకు యాదున్నదా!" అన్నాడు.

చావు కబురు ఉన్న ఉత్తరం ఇంట్లో ఉంచకూడదు, గడప బయటే చింపాలి. ఇటివ్వండి, చింపేస్తానన్నాను. ఇవ్వలేదు. "బతికున్నోని గురించి ఇంత మంచిగ ఎవ్వలు రాస్తరే? ఇది నాది" అని మడిచి, పళ్లేల వెనక దోపుకున్నాడు. రోజూ పొద్దున తీసి చదువుకుంటున్నాడు. పళ్లెం తీసినప్పుడల్లా నాకు అది కనబడుతుంది. నాకు భయంగా ఉంది అక్కా. చింపమని నువ్వే రాయి. నీ మాట వింటాడు.

ఇట్లు,
సమ్మమ్మ

తా.క.: బావ గడ్డం తీసుకోవచ్చు. దినాలకు ఏం వండుతావో ముందే చెప్పమని ఈయన అడుగుతున్నాడు.

*

షోలాపూర్
17 అక్టోబరు 1963

చెల్లె సమ్మమ్మకు అక్క కట్టమ్మ దీవించి రాయించునది.

నీ ఉత్తరం మీ బావతోని రెండుసార్లు చదివిపిచ్చుకున్న. పోయిన మనిషి ఉత్తరం చదివిండంటవు. గొంతు సవరించుకున్నడంటవు. మంచాన్ని మంచం కాదంటవు. కడవను కుర్చీల కూసోవెట్టిననాడే నాకు అనుమానం రావాలె! దుఃఖం లోపలికి పోతే ఇట్లనే అయితదట. మొగిలయ్య తన కండ్లతోని చూసి వచ్చిండు. ఆయన ఎందుకు అబద్ధమాడుతడు?

ఫికర్ చేయకు. సమ్మక్కకు మొక్కిన. నా చెల్లెకు మతి కుదురుతే మాఘ పున్నమి జాతరకు మేడారం తోల్కవోయి, తక్కెట్ల కూసోవెట్టి ఎత్తు బంగారమని బెల్లం తూచి ఇస్తనన్న. బెల్లం ఎంతయితే అంతాయె. నువ్వు బక్కవడకు, మంచిగ తిను.

నా మాట అబద్ధమైతే, ఆయననే తన చేతితోని నాలుగు ముక్కలు రాయమను.

ఇట్లు,
కట్టమ్మ

తా.క.: రాసేవాని మాట. నువ్వు రాసినంక గడ్డం తీసిన. మీ అక్క చూసి ఒక పూట అన్నం పెట్టలే. మళ్ల పెంచుతున్న. ఎటన్న ఒక దిక్కు సాఫ్‌గ రాయి తల్లీ.

*

మట్టెవాడ, వరంగల్లు
27 అక్టోబరు 1963

ఈ రోజు పనులు: రోజూ ఉండేవే. కషాయం నాలుగుసార్లు.

అక్క కట్టమ్మకు చెల్లె సమ్మమ్మ నమస్కరించి రాయునది. నాకు మతి బాగానే ఉంది. మిగతాది ఆయన రాస్తాడు. చాప మీద పడుకునే పెన్సిలుతో రాయాలి, అక్షరాలు కూడబలుక్కుని చదవమని బావకు చెప్పు.

ఇట్లు,
సమ్మమ్మ

తా.క.: వదినకు, పోయిన లింగమూర్తి నమస్కారాలు. నేను ఉన్న. ఉన్నందుకు మాఫ్ చెయ్యుండ్రి. ఒక్కటే మనవి. నేను బతికున్ననని తెలిసినంక, రాసిన మాటలు మళ్ల వాపస్ తీసుకోకుండ్రి. బిందెలు మోసింది నిజమే. చీర రంగు దిగదు, అది పక్కా రంగు. మతి సంగతంటరా, మీ చెల్లెకు ఉన్నంత మతి ఈ వాడల ఎవ్వలకు లేదు. ఆ మాట ఆమెకు చెప్పకుండ్రి.

*

షోలాపూర్
10 నవంబరు 1963

చెల్లె సమ్మమ్మకు అక్క కట్టమ్మ రాయించునది.

ఉన్నడా! ఉన్నోడు ఉన్ననని మొదటనే ఒక కార్డు ముక్క రాస్తే ఏం పోయింది? ఇల్లిల్లు తిరిగి చెప్పిన. ఇప్పుడు మళ్ల ఇల్లిల్లు తిరగాలె. ఆ మొగిలయ్య మా ఇంటి దిక్కు వస్తలేడు.

వాపస్ తీసుకుంటున్న అని రాయి. ఎసొంటి మనిషి అన్న మాట వాపస్. మాట అనడన్నది వాపస్, నన్ను నవ్వులపాలు చేసిండు. గాలొస్తే పడిపోతడన్నది మళ్ల ఖాయం. బిందెల సంగతి ఉండనీ. చీర సంగతి గూడ ఉండనీ.

ఉత్తరం చింపమని చెప్పమన్నవు. చింపుమను. వినకుంటే, చావు కబురు ఇంట్ల ఉంచుకోవద్దని వదిన కోపానికి వచ్చిందని చెప్పు.

మొక్కు మొక్కే. జాతరకు వస్తున్నం. నిన్ను తక్కెట్ల కూసోవెడుత. ఆయనను గూడ కూసోవెడుత, ఆయనకు బెల్లం జరంతనే పడుతది.

ఇట్లు,
కట్టమ్మ

తా.క.: రాసేవాని మాట. వాపస్ అని చెప్పుకుంట ఏడ్చింది, సంబురానికే. మా టేకు మంచం కోడు గూడ విరిగింది. పళ్లేలకు ఎట్ల చేసినవో కొలతలు రాయి. ఆమెకు తెల్వనియ్యకు.

*

మట్టెవాడ, వరంగల్లు
19 జనవరి 1964

ఈ రోజు పనులు: పళ్లేలన్నీ దించి కడిగాను. చట్రం తుడిచాను. కషాయం గిన్నె తోమి బోర్లించాను. వంట లేదు, లచ్చవ్వ తెచ్చింది.

అక్క కట్టమ్మకు చెల్లె సమ్మమ్మ రాయునది.

క్షేమమన్న మాట ఈసారి రాయలేదు. బావా, ఈ ఉత్తరం గడప బయటే చదివి వినిపించి చింపెయ్యండి.

ఆయన గురువారం పొద్దున పోయాడు. టెలిగ్రాం ఇద్దామని బయలుదేరాను. నాకు మళ్లీ మతి పోయిందనుకుంటావని దారిలోంచి తిరిగి వచ్చాను. ఈసారి నమ్మకానికి కింద లచ్చవ్వ వేలిముద్ర వేయించాను.

మనిషి పోయేముందు మంచం మీంచి కిందికి దించుతారు. దించే పని లేకపోయింది, ఆయన చాప మీదే ఉన్నాడు. పోయాక అరుగు మీద మంచం నిలబెడతారు. ఆ పనీ లేకపోయింది, అది ముందే నిలబడి ఉంది. అందుకని వాడలో ఎవరికీ తెలియలేదు. నేను ఆయన పక్కన కూర్చుని ఉన్నాను. జనం రోజూలాగే వస్తూ పోతూ ఉన్నారు. ఒకామె జల్లెడ అడిగి తీసుకుపోయింది.

అప్పుడు మొగిలయ్య వచ్చాడు. బిడ్డ లగ్గం అయిపోయిందని, నీ చద్దరు చేతబట్టుకుని వచ్చాడు. అరుగు మీద మంచం చూసి పెద్దగా నవ్వాడు. "ఈపారి నేను మోసపోను చెల్లె! ఏడి తమ్ముడు, పిలువు" అన్నాడు. లోపలికి చూపించాను. చద్దరు మొగిలయ్యే కప్పాడు. మెత్తగా ఉంది. గుచ్చుకోదు.

ఆడవాళ్లు చేరాక, పుట్టింటి మనిషి వచ్చి ఏడవాలి కదా, అక్క ఎప్పుడొస్తుందని అడిగారు. నువ్వు షోలాపూర్ నుంచి చేరేదాకా ఉంచలేం. నేను పళ్లేలు ఒక్కొక్కటే దించి, వెనకనున్న నీ ఉత్తరం తీసి మొగిలయ్య చేతికి ఇచ్చాను. ఆయన తలదగ్గర కూర్చుని చదివాడు. ఒక్క మాట కూడా మార్చే పని పడలేదు. బిందెల దగ్గర ఆడవాళ్లందరూ ఏడ్చారు. నాకు అప్పటిదాకా ఏడుపు రాలేదు, అక్కడే వచ్చింది. మొగిలయ్య ఆపకుండా బావ గడ్డం సంగతి కూడా చదివేశాడు. ఏడుస్తున్నవాళ్లలో కొందరికి నవ్వు వచ్చింది. ఆయన ఉంటే ఆయనా నవ్వేవాడు.

నువ్వు వాపస్ తీసుకున్న ఉత్తరం ఆయనకు నేను చూపించలేదు. వచ్చిన రోజే చింపాను. పాత ఉత్తరం ఆయన పోయేదాకా రోజూ చదువుకున్నాడు. ఆయన్ని సాగనంపాక గడప బయట నిలబడి దాన్నీ చింపాను.

ఈ ఏడు నేను జాతరకు రాకూడదు. మొక్కు మరొక జాతరకు ఉంచు.

ఇట్లు,
సమ్మమ్మ

తా.క.: బావా, టేకు మంచానికి కొలతలు పంపడం లేదు. కొత్త కోడు వేయించండి. అక్కా, నీ ఏడుపు నాకు బాకీ అని సెప్టెంబరులో రాయించావు. గురువారం నాడు వేళకు ముట్టింది. చెల్లు.